కుప్పమ్మ ఊపిరి

రెండు వేల ఇరవై రెండు, జూలై, తమిళుల ఆడి నెల. తమిళనాడులో తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో ఒక పల్లె. అక్కడి ప్రభుత్వ పశువైద్యశాలలో నేను చేరి పదకొండు నెలలైంది. వైద్యశాల అనగానే మరీ ఊహించుకోకండి. రెండు గదులు, టీకాలకు ఒక ఫ్రిజ్, ముంగిట్లో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. దాన్ని ట్రావిస్ అంటాం. ఉన్న ఆస్తి మొత్తంలో నమ్మకంగా పనిచేసేది ట్రావిస్ ఒక్కటే, దానికి కరెంటు అక్కర్లేదు కాబట్టి.

మాది మద్రాసు పక్కన పట్టాభిరామ్ అనే ఊరు. నాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. చదివింది తమిళంలో, పరీక్షలు రాసింది ఇంగ్లీషులో, తిట్లు తిన్నది తెలుగులో. ఉద్యోగంలో చేరాక తెలిసింది, మూడో చదువే ఎక్కువ పనికొస్తుందని. ఈ పక్క రైతులూ నేతవాళ్ళూ ఆవును తమిళంలో పిలుస్తారు, దానికి జబ్బు చేస్తే మాత్రం తెలుగులో ఏడుస్తారు.

వైద్యశాలలో నేను గాక ఇంకొక మనిషి ఏలుమలై అన్న, అటెండరు. నా వయసు కంటే ఆయన సర్వీసు ఎక్కువ. నాకు పుస్తకాలు తెలుసు, ఆయనకు పశువులు తెలుసు. కుర్చీ మాత్రం పుస్తకాలకే ఇచ్చింది ప్రభుత్వం. నేను జోకు వేసినప్పుడల్లా ఆయన గొంతు సవరించుకుంటాడు. నవ్వుకు బదులు అదని చాలా రోజులు అనుకున్నాను.

ఆ నెలలో ఒక ఉదయం దనకోటమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, నేతవాళ్ళ ఇల్లు. వెనకాలే మూడు నెలల జెర్సీ దూడ. మెడకు తాడు లేదు. ఆమె ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది. నా అనుభవంలో తాడు లేకుండా ట్రావిస్ దాకా వచ్చిన పశువు అదే మొదటిది. చాలామంది మనుషులే ఆ చట్రాన్ని చూసి వెనక్కి తగ్గుతారు.

"ఏందమ్మా సమస్య?"

"బొడ్డుకాడ గెడ్డ మాదిరి ఉండాది డాక్టరమ్మా. నొక్కితే లోపలికి పోతాది, ఇడిస్తే బయటికొస్తాది."

వేళ్ళతో నొక్కి చూశాను. అంబిలికల్ హెర్నియా. బొడ్డు దగ్గర పొట్ట గోడ సరిగ్గా మూసుకోకపోతే ఆ సందులోంచి పేగు తొంగి చూస్తుంది. చిన్నదైతే వదిలేయొచ్చు. ఇది నా మూడు వేళ్ళు పట్టేంత ఉంది. ఏదో ఒక రోజు పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. కుట్టెయ్యాలి.

కేస్ షీటు తీశాను. "పేరు?"

"దనకోటి."

"మీ పేరు కాదమ్మా, పేషెంటు పేరు."

ఆమె దూడ చెవి నిమిరింది. "కుప్పమ్మ" అంది.

"ఇంత లక్షణంగా ఉన్న పిల్లకి కుప్పమ్మ ఏంది? చెత్తబండికి పెట్టాల్సిన పేరు కదా ఇది!" అన్నాను.

ట్రావిస్ దగ్గర ఏలుమలై అన్న గొంతు సవరించుకున్నాడు. దనకోటమ్మ నవ్వలేదు. జోకు పండలేదని నేను తర్వాతి గడికి పోయాను.

తర్వాతి గడి హిస్టరీ. అంటే ఈ పశువుకు ఇంతకుముందు ఏమేం జరిగాయో రాయాల్సిన చోటు. "పుట్టినప్పుడంతా బాగానే ఉండిందా?" అని అడిగాను. తల ఎత్తకుండానే అడిగాను.

"చూస్తా ఉండావు కదా డాక్టరమ్మా. బాగుండాది."

ఎన్.ఏ.డి. అని రాశాను. అసాధారణమైనదేదీ కనబడలేదు అని దానికి అర్థం. మా వృత్తిలో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసే మూడక్షరాలు అవే. కనబడాలంటే ముందు చూడాలి అన్న సంగతి ఆ మూడింటిలో ఎక్కడా లేదు.

ఆమెకు ఆపరేషన్ ఇష్టం లేదు. "ఇట్లనే ఉండనీమ్మా, తింటా ఉండాది, తిరగతా ఉండాది" అంది. ఒప్పించింది నేనే. తల్లి ఆవు ఈనిన రోజే చచ్చిపోయిందట. సీసాతో పాలు పోసి దూడను పెంచింది. ఇంట్లో గుంట మగ్గం ఆగిపోయి రెండేళ్ళైంది. ఆమె కళ్ళకు పోగు ఆనడం లేదు. భర్త మునిరత్నం ఇంకొకరి పవర్‌లూమ్‌లో పనికి పోతాడు. ఇంట్లో ఆమెకంటూ మిగిలిన పని ఈ దూడే. ఇది ఎదిగి, ఈని, పాలిస్తే మళ్ళీ ఆమె చేతికొక పని. పేగు ఇరుక్కుంటే అదీ పోతుందని చెప్పాను. "నలభై నిమిషాలమ్మా. మీరు అన్నం వార్చేలోపల కుట్టేసి పోతా" అని కూడా చెప్పాను.

ఆమె ఒప్పుకున్నాక ఏలుమలై అన్న నన్ను మందుల గదిలోకి పిలిచాడు.

"మత్తు ఏల డాక్టరమ్మా? మరుపు మందు మాత్రం ఏసి కుట్టెయ్యి. నలుగురం పట్టుకుంటాం."

మరుపు మందు అంటే లోకల్ అనస్థీసియా, కోసే చోట మాత్రం స్పర్శ తెలీకుండా చేసే ఇంజెక్షన్.

"దూడను వెల్లకిలా పడుకోబెట్టాలన్నా. మత్తు లేకుంటే తన్నులాడుతుంది. ఎందుకు వద్దంటున్నావు?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేనమ్మా" అని బయటికి పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన ఊరికే అన్న మాట ఒక్కటీ లేదని నాకు తర్వాత తెలిసింది.

రెండు రోజుల తర్వాత, పొద్దున ఏడున్నరకు వాళ్ళింటికి పోయాం. తిరుత్తణి మురుగన్ కొండకు కావళ్ళు మోసే ఆడి కృత్తిక పండగ దగ్గర పడింది. బస్సు నిండా నెమలీకలు కట్టిన కావళ్ళు. నేను నెమలీకల మధ్య నిలబడి, సర్జరీ సామాను ఒళ్ళో పెట్టుకున్న ఏలుమలై అన్నను కాపాడుకుంటూ దిగాను. ఇంటి వెనక మగ్గాల కొట్టం. మగ్గం గుంట పక్కనే దూడ పడుకునే చోటు, దానికి మెత్తగా గడ్డి. గుంటలోనూ గడ్డే నిలవ చేశారు. ఒకప్పుడు చీర దిగిన చోట ఇప్పుడు మేత దిగుతోంది.

దూడకు జైలజీన్ ఇచ్చాను. పశువులకు వాడే మామూలు మత్తు మందు. కండలోకి, తక్కువ మోతాదులో, పుస్తకంలో ఉన్నట్టే. జైలజీన్ ఊపిరిని కొంచెం నెమ్మదింపజేస్తుంది. అది మాకు తెలిసిందే. ఊపిరి నెమ్మదిస్తే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. తగ్గగానే శరీరంలో ఒక గంట మోగుతుంది, పశువు మళ్ళీ గట్టిగా పీలుస్తుంది. ఆ గంట మోగుతుందన్న నమ్మకం మీదే మేము పల్లెల్లో యంత్రాలు లేకుండా మత్తు ఇస్తాం.

కుప్పమ్మ మెల్లగా మోకాళ్ళ మీదికి వంగింది, పడుకుంది. వెల్లకిలా తిప్పాం. మునిరత్నం మామ వెనక కాళ్ళు, ఏలుమలై అన్న ముందు కాళ్ళు. దనకోటమ్మ కొట్టం గడపలో నిలబడింది.

కోశాను. మొదట రక్తం మంచి ఎరుపు. హెర్నియా సంచి విడదీసి, పేగును లోపలికి నెట్టి, మొదటి కుట్టు వేసే సమయానికి గాయంలో రక్తం రంగు మారింది. నేరేడుపండు రంగు. ఎడంచేత్తో పక్కటెముకలు తాకి చూశాను. కదలడం లేదు.

ఊపిరాడకపోతే పశువు గింజుకుంటుంది. కాలు విదిలిస్తుంది, నోరు తెరుస్తుంది, మత్తులో ఉన్నా ఏదో ఒక గొడవ చేస్తుంది. ఇది ఏ గొడవా చేయలేదు. కాళ్ళు పట్టుకున్న ఇద్దరికీ కూడా తెలియలేదు. అంత మర్యాదగా ఆగిపోయింది.

"తిప్పండి, పక్కకి తిప్పండి!"

పక్కకు దొర్లించాం. నాలుక బయటికి లాగాను. నీలం. మత్తుకు విరుగుడు యోహింబిన్ నా సంచిలో ఉంది, నరంలోకి ఇచ్చాను. పక్కటెముకలు నొక్కడం మొదలుపెట్టాను. "నీళ్ళు! చల్ల నీళ్ళు చెవిలో పొయ్యన్నా!" అని అరిచాను.

అప్పుడు దనకోటమ్మ గడపలో లేదు. లోపలికి పరుగెత్తింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. ఆమె వంటింట్లోంచి ఊదుగొట్టం తెచ్చింది, పొయ్యి ఊదే ఇనుప గొట్టం. నన్ను భుజంతో పక్కకు నెట్టి దూడ తల దగ్గర కూర్చుంది. ఒక చేత్తో నోరూ ఒక ముక్కుపుటమూ కలిపి మూసింది. రెండో పుటంలో గొట్టం పెట్టి ఊదింది. దూడ రొమ్ము పైకి లేచింది. గొట్టం తీసి, రొమ్ము దిగేదాకా ఆగి, మళ్ళీ ఊదింది.

ఆగాల్సినంతే ఆగుతోంది. ఊదాల్సినంతే ఊదుతోంది. నేను కాలేజీలో బొమ్మ మీద ఇది నేర్చుకున్నాను, రబ్బరు బొమ్మ. ఆమె నా కంటే బాగా చేస్తోంది.

ఎన్ని నిమిషాలో నేను చూడలేదు. నాలుక గులాబీ రంగుకు తిరిగింది. కుప్పమ్మ ఒకసారి తుమ్మింది. తర్వాత తనంతట తాను పీల్చింది.

"అమ్మా, ఇది మీకెట్లా తెలుసు?" అన్నాను.

దనకోటమ్మ మూతికి అంటిన మసి తుడుచుకుంది. మునిరత్నం మామ వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"ఇది పుట్టినప్పుడూ ఇట్లనే కదా ఊదినా" అంది.

అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. తల్లి ఆవు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నొప్పులు పడింది. దూడ అడ్డం తిరిగింది. లాగేసరికి తల్లి పోయింది, దూడ ఊపిరి లేకుండా పడింది. దనకోటమ్మ ఊదుగొట్టంతో ఊదింది. బతికింది, కానీ నాలుక నల్లగానే ఉండింది, ఒక రోజు కాదు, పన్నెండు రోజులు. తల్లి కడుపులోని నీళ్ళు దూడ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటాయి. పన్నెండు రోజులూ రొప్పుతూనే పాలు తాగింది.

"మూడో నాడు ఇంగ నిలవదని పెంటకుప్ప మీద పడేసినాం" అంది దనకోటమ్మ. "పక్కింటామె వచ్చి దోసిట్లో తవుడు పోసి మాకాడ కొనుక్కునింది. మళ్ళీ మాకే పెంచను ఇచ్చింది. అందుకే కుప్పమ్మ."

బతకదనుకున్న బిడ్డకు ఇట్లా చేస్తారు. కుప్ప మీద వేసి, తవుడుకు అమ్మి, చెత్త పేరు పెడతారు. యముడు వచ్చి చూస్తే అక్కడ బిడ్డ ఉండదు, చెత్త ఉంటుంది. ఒక రకంగా ఆయనకు తప్పుడు అడ్రస్ ఇవ్వడం. ఇచ్చాక ఇంక ఆ పుట్టుక సంగతి ఎవరూ నోరెత్తి చెప్పకూడదు. చెబితే ఆయనకు వినబడుతుంది. నేను అడిగిన హిస్టరీ గడి వాళ్ళ లెక్కలో ఆ అడ్రస్ సరిదిద్దమని అడగడమే. ఏలుమలై అన్నకు పేరు వినగానే అంతా తెలిసిపోయింది. తెలుసు కాబట్టే చెప్పలేడు. "ఊరికే" అన్నాడు.

మిగిలిన కుట్లు మరుపు మందుతోనే వేశాను. దూడ పక్కకు పడుకుని ఉంది. దనకోటమ్మ ఊదుగొట్టం పట్టుకుని తల దగ్గరే కూర్చుంది. పని ముగిసేసరికి కుప్పమ్మ తల ఎత్తింది. కాసేపటికి కాళ్ళు తడబడుతూ లేచింది. దనకోటమ్మ వేలు చప్పరించింది, నాలుగు గుక్కలు నీళ్ళు తాగింది.

"ఇంగ భయం లేదు" అన్నాను. ఆ మాట నేను అన్నానని రాయడం ఇవాళ్టికీ కష్టంగానే ఉంది.

దూడ పోయి మగ్గం గుంట పక్కన గడ్డిలో, కాళ్ళు మడుచుకుని తల నేలకు ఆనించి పడుకుంది. మేము కొట్టం అరుగు మీద, నాలుగైదు అడుగుల దూరంలో కూర్చున్నాం. దనకోటమ్మ కాఫీ తెచ్చింది. భయం దిగిపోయిన తర్వాత మనుషులకు వచ్చే ఒక కులాసా ఉంటుంది, అందరికీ అది వచ్చింది. మునిరత్నం మామ అడిగాడు.

"ఏం డాక్టరమ్మా, ఊపిరి నిలిచిపోతా ఉంటే అది తన్నుకోవద్దా? బొమ్మ మాదిరి పడుకోనుండాదే!"

నాకు కాలేజీ గుర్తొచ్చింది. ఫిజియాలజీ విభాగంలో, అంటే శరీరం ఎట్లా పనిచేస్తుందో చదివే చోట, ఒక సీనియర్ అక్క ఎలుకల మీద పని చేస్తుండేది. ఎలుకలు పట్టుకునే పని నాది. అప్పుడే పుట్టిన పిల్లల్ని కొన్ని రోజులు ఆక్సిజన్ తక్కువగా ఉన్న పెట్టెలో పెంచేది. తర్వాత మామూలు గాలిలోకి తెచ్చి పెద్దవి చేసేది. తిండికీ పరుగుకీ వాటిలో ఏ తేడా లేదు. పక్కపక్కన పెడితే ఏది ఏదో మేమే పోల్చుకోలేం. అప్పుడు ఒక్కొక్క ఎలుకను ప్లెథిస్మోగ్రాఫ్‌లో పెట్టేది. అది మూసిన గాజు డబ్బా, లోపలి జీవి ఎన్నిసార్లు, ఎంత లోతుగా ఊపిరి తీస్తోందో లెక్కపెడుతుంది. డబ్బాలో ఆక్సిజన్ తగ్గిస్తే మామూలు ఎలుక గబగబా రొప్పుతుంది. ఈ ఎలుకలు రొప్పవు.

అదే వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను. చేతులు తిప్పుతూ, ఎలుక ముఖం పెట్టి మరీ చెప్పాను.

"గొంతు పక్కన, మెదడుకు పోయే రక్తనాళం మీద, చిన్న గింజంత ఒక కావలివాడు ఉంటాడు మామా. కారొటిడ్ బాడీ అని పేరు. రక్తంలో గాలి తగ్గితే గంట కొట్టడం వాడి ఉద్యోగం. పుట్టిన కొత్తలో వాడు ఉద్యోగం నేర్చుకుంటాడు, ఎంత ఉంటే చాలు, ఎంత తగ్గితే గంట కొట్టాల అని. ఆ రోజుల్లోనే గాలి తక్కువైతే, లోకం ఇంతేలే అనుకుంటాడు. పెద్దైనాక గాలి నిజంగా తగ్గినా లేవడు."

"మరి ఆ ఎలుక ఏం చేస్తాది?"

"ఏం చేస్తాది? రిటైరైన తాసిల్దారు మాదిరి కాళ్ళు చాపి కూర్చోనుంటాది. పక్కది సచ్చిపోతా ఉండానో అని రొప్పుతా ఉంటే, ఇదేమో, ఏల నాయనా అంత ఆత్రం, ఫైలు రేపు చూస్తాలే అంటాది!"

మునిరత్నం మామ కాఫీ ఒలికేటట్టు నవ్వాడు. దనకోటమ్మ కూడా నవ్వింది, ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. ఏలుమలై అన్న కూడా నవ్వబోయాడు. ఆయన ఒక్కడే దూడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నా వీపు దానికి ఉంది, అరుగు మీద ఎండ అటు నుంచి పడుతోంది కాబట్టి.

ఆయన గొంతు సవరించుకోలేదు. లేచి నిలబడ్డాడు.

కుప్పమ్మ పడుకున్నట్టే ఉంది. కాళ్ళు మడుచుకునే ఉన్నాయి, గడ్డి చెదరలేదు. యోహింబిన్ పని జైలజీన్ కంటే ముందు అయిపోతుంది. అది దిగిపోగానే మిగిలిన మత్తు మళ్ళీ పైకొస్తుంది. అదీ పుస్తకంలో ఉంది. మామూలు దూడైతే కాస్త మగతగా ఉండి, గంట మోగగానే పెద్దగా ఊపిరి తీసి, బతికిపోతుంది. దీని గంట మోగలేదు. నేను ఎలుక కథ చెబుతున్నంతసేపూ అది ఆ ఎలుకలాగే, ఏ ఆత్రమూ లేకుండా, నాలుగైదు అడుగుల దూరంలో చచ్చిపోతూ ఉంది.

దనకోటమ్మ మళ్ళీ ఊదింది. చాలాసేపు ఊదింది. నేను రొమ్ము నొక్కాను. పది నిమిషాల తర్వాత గుండె చప్పుడు కోసం స్టెతస్కోప్ పెట్టి విన్నాను, తీశాను. ఆమె ఇంకా ఊదుతూనే ఉంది. గొట్టం ఆమె చేతిలోంచి తీసుకోవడానికి మునిరత్నం మామకు బలం సరిపోలేదు. ఏలుమలై అన్న కూడా పట్టుకోవాల్సి వచ్చింది.

ఏడుపు లేదు. ఆమె దూడ మెడ కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు అడిగితివి. నేనే చెప్పలే" అంది.

"చెప్పినారమ్మా" అన్నాను. "మొదటి రోజే చెప్పినారు. పేరు చెప్పినారు. నేను నవ్వినా."

కాసేపటికి నేను చేయగలిగింది ఒకటే తట్టి, పోస్ట్‌మార్టం చేస్తే ఊపిరితిత్తుల్లో పాత మచ్చలు తెలుస్తాయేమో అని అడిగాను. వద్దంది.

"ఒకతూరి కోసినావు కదా. సాలు."

నేను కత్తులు సర్దుకున్నాను. పోయేటప్పుడు ఆమె ఊదుగొట్టం ఏలుమలై అన్న చేతికిచ్చింది. "ఇంగ ఇది పొయ్యికి ఒద్దు. యాడన్నా పారెయ్యి" అంది. ఆయన పారెయ్యలేదు, మా సంచిలో వేశాడు.

రిపోర్టులో చావుకు కారణం దగ్గర, మత్తు తర్వాత శ్వాస ఆగిపోవడం అని రాశాను. తప్పు లేదు. చచ్చిన ప్రతి జీవికీ శ్వాస ఆగే ఉంటుంది. తిరువళ్ళూరులో ఉన్న మా సీనియర్ డాక్టరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. జైలజీన్‌తో ఇట్లాంటివి ఎవరికైనా జరుగుతాయనీ, దూడ బాగున్నా జరిగేదేమోననీ, మనసులో పెట్టుకోవద్దనీ అన్నాడు. ఆయన అన్నది నిజం కావచ్చు. ఆ పన్నెండు రోజులే దాన్ని చంపాయని నేను నిరూపించలేను. గొంతు పక్కన ఆ గింజను కోసి చూసినా అది మోగనేర్చిందో లేదో కంటికి కనబడదు. నాకు తెలిసింది ఒకటే. ఆ పన్నెండు రోజుల సంగతి ముందే తెలిసుంటే నేను మత్తు ఇచ్చేదాన్ని కాదు. ఇచ్చినా, దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని కాదు.

ఆ ఆదివారం పట్టాభిరామ్ పోయాను. నా పేరు ముందు కె అని ఒక ఇనీషియల్ ఉంటుంది. వైద్యశాల బోర్డు మీద, ప్రిస్క్రిప్షన్ల మీద, రోజుకు ఇరవై సార్లు రాస్తాను. కె అంటే కుప్పుసామి, మా నాయన. చెత్తబండి పేరని నవ్వినదాన్ని నేనే. నాయన పేరు అంత మామూలుది, దాని లోపల కూడా కుప్ప ఉందని ఎప్పుడూ వినబడలేదు.

"నాయనా, నీకు ఈ పేరు ఏల పెట్టినారు?" అని అడిగాను.

ఆయన పేపరు మడిచాడు. ఆవడి వైపు పోయే లోకల్ రైలు ఒకటి వెళ్ళేదాకా ఆగాడు.

"ఇప్పుడేల ఆ మాట?" అని లేచి పోయాడు. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషి. అడ్రస్ మాత్రం ఆయనా సరిదిద్దలేదు.

తర్వాత ఆరు నెలలు నేను కేస్ షీటులో హిస్టరీ గడిని గట్టిగా అడిగాను. తల ఎత్తి, కళ్ళలోకి చూసి, గుచ్చి గుచ్చి అడిగాను. పుట్టగానే అరిచిందా? ఎంతసేపటికి లేచింది? నాలుక ఏ రంగు? అందరి జవాబూ ఒకటే, బాగుండాది. అబద్ధం చెప్పేవాళ్ళు కాదు. చెబితే బిడ్డకు చేటని నమ్మినవాళ్ళు. నేను అడిగే కొద్దీ వాళ్ళు దూడను వెనక్కి లాక్కునేవాళ్ళు. పుట్టుక గురించి అడిగే డాక్టరు దగ్గరికి పోకూడదని రెండు ఊళ్ళలో అనుకున్నారని కూడా తెలిసింది.

దారి చూపించింది ఏలుమలై అన్న. మరుసటి ఏడు మార్చిలో ఒక రైతు మగ దూడను తెచ్చాడు, కొమ్ముల మొలకలు కాల్చడానికి. ఆ పనికి నేను మామూలుగా కొంచెం జైలజీన్ ఇస్తాను.

"పేరు?"

రైతు ఏలుమలై అన్నను చూశాడు. "పెంటయ్య."

నేను పెన్ను కింద పెట్టాను. నవ్వలేదు. నోరు తెరిచి అడగబోతుంటే ఏలుమలై అన్న గొంతు సవరించుకున్నాడు. భుజం మీది తువాలు తీసి రైతు చేతి మీద కప్పాడు.

"సంతలో బేరం మాదిరి చెప్పు మామా" అన్నాడు. "నోటితో ఒద్దు. ఎన్ని దినాలు?"

పశువుల సంతలో దళారులు ధర పైకి చెప్పుకోరు. తువాలు కింద చెయ్యి చెయ్యి పట్టుకుని, వేళ్ళు నొక్కి బేరం కుదుర్చుకుంటారు. పక్కనున్నవాడికి తెలియదు. పక్కనున్నది యముడైనా సరే అని ఏలుమలై అన్న లెక్క.

రైతు అటూ ఇటూ చూశాడు. "డాక్టరమ్మకు సంత బాస తెలుసునా?"

"నేర్చుకుంటాది."

తువాలు కింద నా చెయ్యి పెట్టాను. గరుకు వేళ్ళు నా అయిదు వేళ్ళనూ కలిపి ఒకసారి నొక్కాయి. మళ్ళీ అయిదూ నొక్కాయి. తర్వాత నాలుగు.

పద్నాలుగు రోజుల రొప్పు.

ముగ్గురం ఏమీ జరగనట్టు చేతులు తీసేశాం. హిస్టరీ గడిలో ఆ అంకె ఒక్కటే రాశాను. జైలజీన్ సీసా అలమరాలో పెట్టి తాళం వేశాను. కొమ్ము మొదట్లో మరుపు మందు ఇచ్చి, ముగ్గురమే పట్టుకుని పని మొదలుపెట్టాం. పెంటయ్య ఊరుకోలేదు. నా మోకాలి మీద ఒకటి తన్నాడు, ఏలుమలై అన్న చొక్కా చించాడు, ట్రావిస్ ఊగిపోయేటట్టు గింజుకున్నాడు, వీధి చివరిదాకా వినబడేటట్టు అరిచాడు.

"మూతికి తాడు కట్టేదా డాక్టరమ్మా? అరుపు ఊరంతా ఇనబడతా ఉండాది" అన్నాడు రైతు, సిగ్గుపడుతూ.

"వద్దు. అరవనీ" అన్నాను. పని ముగిసేదాకా నేను వింటూనే ఉన్నాను.